నూట ఇరవై ఏడు గళ్ల లెక్క

చదరంగపు బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు చొప్పున 64 గళ్లూ నింపుకుంటూ పోతే మొత్తం 18446744073709551615 గింజలవుతాయి. ఈ సంఖ్యను అంకెలకు బదులు మాటలు పెట్టే భూతసంఖ్యల్లో బిగించిన పద్యం ఒకటి పావులూరి మల్లన పేరు మీద తెలుగునాట ఇప్పటికీ వినబడుతుంది. ఇప్పుడు ఆ బల్ల పక్కన ఇంకో బల్ల పెట్టి, చివరి గడి ఒక్కటీ వదిలేసి, అదే లెక్క కొనసాగిద్దాం. గళ్లు 127. గింజల మొత్తం ఇది:

170141183460469231731687303715884105727

మల్లన పద్యంలోని సంఖ్య 3తో పోతుంది, 5తో పోతుంది, 17తో పోతుంది. ఈ రెండోది 1తోనూ తనతోనూ తప్ప దేనితోనూ పోదు. 2కి 127వ ఘాతం కట్టి ఒకటి తీసేస్తే వచ్చే ఈ 39 అంకెల సంఖ్య ప్రధాన సంఖ్య. వదిలేసిన ఆ చివరి గడిని కూడా నింపితే ఆ గుణం పోతుంది, మొత్తం మళ్లీ 3తో భాగమవుతుంది.

ఈ సంఖ్య గురించి 1644 నుంచి మాట్లాడుతూనే ఉన్నారు. ఆ మాటల్లో మూడు వేర్వేరు వాదాలు కలగాపులగమైపోయాయి. మెర్సెన్ దీన్ని కనుక్కున్నాడని ఒకరు రాస్తారు, ల్యూకా నిరూపించాడని ఇంకొకరు, దీని మీదే కాటలాన్ ఊహ నిలబడిందని మరొకరు. అన్నవాడు, నిరూపించినవాడు, ఊహించినవాడు ముగ్గురూ ఒకే పని చేయలేదు. వాళ్ల పనులను విడదీసి చూస్తే తప్ప ఈ సంఖ్య గురించి మనకు ఏది తెలుసో, ఏది తెలియదో తేలదు.

కుటుంబం, కుదురు

2కి ఏదో ఒక ఘాతం కట్టి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్యలను మెర్సెన్ సంఖ్యలంటారు. అవి ప్రధాన సంఖ్యలు కావాలంటే ఘాతాంకం కూడా ప్రధాన సంఖ్యే కావాలి. ఇది సులువుగా నిరూపించవచ్చు. దీని తిరుగుమాట మాత్రం నిజం కాదు. 11 ప్రధాన సంఖ్యే అయినా 2కి 11వ ఘాతంలోంచి ఒకటి తీస్తే వచ్చే 2047 అనేది 23, 89ల లబ్ధం.

ఈ సంఖ్యల మీద మోజు గ్రీకుల కాలం నాటిది. తన భాజకాల్లో తనను మినహాయించి మిగతావన్నీ కూడితే మళ్లీ తానే వచ్చే సంఖ్యను పరిపూర్ణ సంఖ్య అంటారు. 6, 28 అలాంటివి. మెర్సెన్ ప్రధాన సంఖ్య ఒకటి దొరికిందంటే దాని వెంట ఒక పరిపూర్ణ సంఖ్య వస్తుందని యూక్లిడ్ చూపించాడు. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఈ దారిలో వచ్చేవేనని ఆయిలర్ నిరూపించాడు. మన సంఖ్యను 2కి 126వ ఘాతంతో హెచ్చవేస్తే 77 అంకెల పరిపూర్ణ సంఖ్య వస్తుంది. వరుసలో అది పన్నెండోది.

మెర్సెన్‌కు ఎలా తెలుసు?

మారిన్ మెర్సెన్ పారిస్‌లో ఉండిన క్రైస్తవ సన్యాసి. ఐరోపా పండితుల మధ్య ఉత్తరాలు ఆయన చేతుల మీదుగా నడిచేవి. 1644లో అచ్చయిన పుస్తకంలో ఆయన ఒక జాబితా ఇచ్చాడు. 257 వరకు చూస్తే 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అనే ఘాతాంకాలకు మాత్రమే ప్రధాన సంఖ్యలు వస్తాయన్నాడు. రుజువేమీ ఇవ్వలేదు. ఆ రోజుల్లో 39 అంకెల సంఖ్యను, 78 అంకెల సంఖ్యను పరీక్షించే సాధనం ఎవరి దగ్గరా లేదు.

ఆ జాబితాలో తప్పులు ఐదు. 67, 257 ఉండకూడదు. 61, 89, 107 ఉండాలి. అయినా 127 ఒప్పయింది. అది ఎలా ఒప్పయిందన్న దగ్గరే వాదం.

ఫెర్మా లాంటి మిత్రుల దగ్గర ఏదో పద్ధతి ఉండేదని, అది ఉత్తరాల్లో మెర్సెన్‌కు చేరిందని, తర్వాత కాలగర్భంలో కలిసిపోయిందని ఒక వర్గం నమ్ముతుంది. దీనికి కొంత ఆధారం లేకపోలేదు. ఇటలీ గణితజ్ఞుడు కాటాల్డి అంతకుముందు 23, 29, 31, 37 నాలుగింటికీ ప్రధాన సంఖ్యలే వస్తాయన్నాడు. మెర్సెన్ మిగతా మూడింటినీ తీసేసి 31 ఒక్కటే ఉంచుకున్నాడు. అది సరైన తీర్పు. అయితే 23కి 47, 29కి 233, 37కి 223 కారణాంకాలు. ఇవన్నీ చిన్నవే. ఫెర్మా చూపిన దారిలో వెతికితే కాగితం మీదే దొరుకుతాయి. 31 వరకు ఉన్న జ్ఞానం 127 దాకా పోయిందనడానికి ఇది చాలదు. 67 విషయమే చూడండి. అక్కడ అతిచిన్న కారణాంకం 193707721. ఆ కాలపు మనిషికి అది అందేది కాదు. రహస్య పద్ధతి నిజంగా ఉండి ఉంటే అది 67 దగ్గర ఎందుకు తప్పింది?

67 అచ్చుతప్పు, అసలు రాసింది 61 అని వాదించినవాళ్లూ ఉన్నారు. ఈ వాదం ఒక తప్పును సర్దుతుంది గానీ 257ను, 89ను, 107ను సర్దలేదు.

మూడో వర్గం చెప్పేది నాకు అన్నిటికన్నా గట్టిగా తోస్తుంది. 2 ఘాతాలకు ఒకటి అటో ఇటో ఉన్నవి, 4 ఘాతాలకు మూడు అటో ఇటో ఉన్నవి ఏరి, వాటిలో 257 లోపు ప్రధాన సంఖ్యలు రాయండి. 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61, 67, 127, 257 వస్తాయి. ఇందులోంచి 61 ఒక్కటి తీసేస్తే మిగిలేది అచ్చంగా మెర్సెన్ జాబితా. ఇంత దగ్గరి పోలిక కాకతాళీయం కాదు. చిన్న సంఖ్యల్లో కనబడిన ఒక అచ్చును ఆయన పైకి సాగదీశాడన్నమాట. 127 అంటే 2కి 7వ ఘాతంలో ఒకటి తక్కువ, కాబట్టి జాబితాకెక్కింది.

మరి ఆ గురి తగలడం అద్భుతమా? లెక్క వేద్దాం. 31 దాటి 257 వరకు 44 ప్రధాన సంఖ్యలున్నాయి. వాటిలో నిజంగా పనికొచ్చేవి 61, 89, 107, 127 అనే నాలుగే. మెర్సెన్ మూడు పేర్లు చెప్పాడు. కళ్లు మూసుకుని 44లోంచి ఏ మూడు తీసినా వాటిలో కనీసం ఒకటి ఒప్పయ్యే అవకాశం దాదాపు నాలుగింట ఒకటి. దీనికి దివ్యదృష్టి అక్కర్లేదు. ఆయన మాట నిజమైంది. నిజమైన మాటకు వెనక తప్పకుండా జ్ఞానం ఉండి తీరాలని అనుకోవడమే ఈ వాదాన్ని ఇన్నాళ్లు లాగింది.

ల్యూకా చేసింది నిరూపణేనా?

అన్న మాటకు, రుజువుకు మధ్య 232 ఏళ్లు గడిచాయి. నడుమ ఆయిలర్ 1772లో 31వ ఘాతం దగ్గరి పదంకెల సంఖ్య ప్రధానమని తేల్చాడు. కారణాంకాలు వెతికే ఆ దారి అక్కడితో దాదాపు ఆగిపోయింది. మన సంఖ్య వర్గమూలం 20 అంకెలది. సెకనుకు వంద కోట్ల భాగహారాలు చేసే యంత్రంతో ఒకటి నుంచి వర్గమూలం దాకా అన్నిటితో భాగిస్తూ పోతే 400 ఏళ్లకు పైగా పడుతుంది.

ఫ్రెంచి గణితజ్ఞుడు ఎదువార్ ల్యూకా 1876లో ఆ దారి వదిలేసి కొత్త దారి తొక్కాడు. కారణాంకాలు వెతకకుండానే ఒక సంఖ్య ప్రధానమో కాదో చెప్పే పరీక్ష ఆయనది. ఫిబొనాచి వరుస గుణాలలోంచి పుట్టింది. చిన్న సంఖ్య మీద చేసి చూస్తే దాని అందం తెలుస్తుంది. 127నే తీసుకుందాం, 2కి 7వ ఘాతంలో ఒకటి తక్కువ. 3తో మొదలుపెట్టాలి. వర్గం చేసి 2 తీసేయాలి, 127తో భాగించి శేషం ఉంచుకోవాలి. 3 నుంచి 7. 7 నుంచి 47. 47 వర్గంలోంచి 2 తీస్తే 2207, శేషం 48. దాన్నుంచి 2302, శేషం 16. 16 వర్గంలోంచి 2 తీస్తే 254, అది 127కు సరిగ్గా రెండింతలు. శేషం సున్నా. ఐదో మెట్టు మీద, అంటే ఘాతాంకానికి రెండు తక్కువ మెట్ల దగ్గర, సున్నా వచ్చింది కాబట్టి 127 ప్రధాన సంఖ్య. మన పెద్ద సంఖ్యకు ఇలాంటివే 125 మెట్లు. ప్రతి మెట్టు మీదా 39 అంకెల సంఖ్యకు వర్గం కట్టాలి.

ఆ శ్రమను ల్యూకా ద్విసంఖ్యామానంతో తగ్గించాడు. సున్నాలు, ఒకట్లే ఉన్నప్పుడు గుణకారం అంటే అదే వరుసను పక్కకు జరిపి మళ్లీ మళ్లీ పేర్చడమే. పైగా 2కి 127వ ఘాతాన్ని మన సంఖ్యతో భాగిస్తే శేషం 1. కాబట్టి 127వ గడి దాటి బయటికి పోయిన పావు మళ్లీ మొదటి గడి దగ్గరికే వస్తుంది, భాగహారం అసలు అక్కర్లేదు. ఈ గణనను చదరంగపు బల్లలాంటి గళ్ల మీద పావులు జరిపే ఆటగా ఆయన వివరించాడు. 127 వరుసలు, వరుసకు 127 గళ్లు. మల్లన పద్యం చదివిన వాళ్లకు ఈ బల్ల కొత్తగా అనిపించదు.

వాదమంతా ఆ తర్వాతిది. ల్యూకా తన లెక్కను పూర్తిగా అచ్చు వేయలేదు. ఆయన ప్రకటించిన సిద్ధాంతాల్లో కొన్నిటి నిరూపణల్లో ఖాళీలున్నాయి. కాబట్టి 1876లో జరిగింది నిరూపణ కాదు, బలమైన ప్రకటన మాత్రమే అని కఠినంగా చూసేవాళ్లంటారు. ఎదుటి వర్గం సమాధానం వేరు. 125 మెట్లు ఎక్కాక శేషం సరిగ్గా సున్నా రావడం పొరపాటున జరిగేది కాదు. లెక్కలో ఎక్కడ తప్పు దొర్లినా చివరికి ఏదో ఒక 39 అంకెల చెత్త మిగులుతుంది గానీ సున్నా తేలదు. ఇది చాలా బలమైన మాట. సంయుక్త సంఖ్య అని తేలినప్పుడు మాత్రం ఈ రక్షణ ఉండదు. అక్కడ తప్పు లెక్కకూ ఒప్పు లెక్కకూ తేడా బయటపడదు. 67వ ఘాతం సంఖ్య సంయుక్తమని ల్యూకా అదే ఏడాది చెప్పినా, 1903లో అమెరికన్ గణితజ్ఞుడు ఎఫ్.ఎన్.కోల్ దాని రెండు కారణాంకాలనూ సభలో బోర్డు మీద హెచ్చవేసి చూపించేదాకా జనానికి నమ్మకం కుదరలేదంటే కారణం ఇదే.

పరీక్ష వెనకున్న సిద్ధాంతాన్ని 1930లో గణితజ్ఞుడు డి.హెచ్.లెమర్ ఖాళీల్లేకుండా నిలబెట్టాడు. ఆయన చేతిలో అది 4తో మొదలై, శేషం సున్నా అయితే ప్రధానం, కాకపోతే సంయుక్తం అని రెండు వైపులా తేల్చే పరీక్ష అయింది. నేడు దాన్ని ల్యూకా-లెమర్ పరీక్ష అంటారు. మన సంఖ్య మీద దాన్ని నడపడానికి సాధారణ కంప్యూటర్‌కు రెప్పపాటు చాలు. అందుచేత ఫలితం మీద సందేహమేమీ లేదు. మిగిలిన ప్రశ్న ఘనత ఎవరి ఖాతాలో రాయాలన్నది. లెక్క ల్యూకాది, దాన్ని నిరూపణ అనిపించిన పునాది లెమర్‌ది అని విడదీసి రాయడమే న్యాయం.

75 ఏళ్ల పట్టం

1876 నుంచి 1951 వరకు మనిషికి తెలిసిన ప్రధాన సంఖ్యల్లో ఇదే పెద్దది. యంత్రసాయం లేకుండా చేతిలెక్కతో తేల్చినవాటిలో ఇప్పటికీ ఇదే పెద్దది. 1951లో ఫెరియే అనే ఆయన బల్ల మీద పెట్టుకునే లెక్కల యంత్రంతో 44 అంకెల సంఖ్య ఒకటి తేల్చాడు. అదే ఏడాది కేంబ్రిడ్జిలో మిల్లర్, వీలర్ ఎడ్‌సాక్ కంప్యూటర్‌తో 79 అంకెల సంఖ్య పట్టారు. అది కట్టింది మన సంఖ్య మీదే: దాని వర్గాన్ని 180తో హెచ్చవేసి ఒకటి కలిపితే వచ్చేది. పట్టం దింపిన సంఖ్య కూడా దీని ఒంట్లోంచే పుట్టింది. 2024 అక్టోబరులో ప్రకటించిన 52వ మెర్సెన్ ప్రధాన సంఖ్య అంకెలు నాలుగు కోట్ల పది లక్షలు దాటాయి.

పట్టం పోయినా పని పోలేదు. 128 బిట్లలో రుణ సంఖ్యలకూ చోటిచ్చే పద్ధతిలో కంప్యూటర్ దాచగల అతిపెద్ద పూర్ణాంకం సరిగ్గా ఇదే. పావులు చుట్టు తిరిగి మొదటి గడికి వచ్చే ఆ గుణం వల్ల దీనితో శేషాలు తీయడం చాలా వేగం. 2015లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ గణితజ్ఞులు ప్రకటించిన ఫోర్‌క్యూ అనే ఎలిప్టిక్ కర్వ్ గుప్తలేఖన పద్ధతి దీని మీదే నడుస్తుంది.

మూడు గుర్తులు ఒకచోట

మెర్సెన్ జాబితా తప్పుల తడక అని తేలాక కూడా దానిలో ఏదో నిజం దాగి ఉందేమోనన్న అనుమానం చావలేదు. 1989లో బేట్‌మన్, సెల్‌ఫ్రిజ్, వాగ్‌స్టాఫ్ అనే గణితజ్ఞులు ఆ అనుమానానికి కొత్త రూపమిచ్చారు. ఒక బేసి ఘాతాంకానికి మూడు గుర్తులు చూడమన్నారు. అది 2 ఘాతానికి ఒకటి దూరంలోనో, 4 ఘాతానికి మూడు దూరంలోనో ఉండటం మొదటిది. దాని మెర్సెన్ సంఖ్య ప్రధానం కావడం రెండోది. 2కి ఆ ఘాతం కట్టి ఒకటి కలిపి 3తో భాగిస్తే వచ్చేది ప్రధానం కావడం మూడోది. వీటిలో ఏ రెండు కుదిరినా మూడోదీ కుదురుతుందని వాళ్ల ఊహ.

మూడూ కుదిరినవి ఇప్పటికి తొమ్మిదే తెలుసు: 3, 5, 7, 13, 17, 19, 31, 61, 127. చివరిది మనదే. దీనికి మూడో గుర్తుగా వచ్చే 56713727820156410577229101238628035243 కూడా ప్రధాన సంఖ్య. 89, 107లకు రెండో గుర్తు మాత్రమే ఉంది. 67, 257లకు మొదటిది మాత్రమే.

ఈ కలయిక వెనక లోతైన కారణం ఉందా? ఉందనేవాళ్ల దగ్గర ఇంతవరకు యంత్రాంగం ఏదీ లేదు, పట్టిక మాత్రమే ఉంది. లేదనేవాళ్ల వాదం సంభావ్యత మీద నిలుస్తుంది. ఘాతాంకం పెరిగేకొద్దీ ఒక్కో గుర్తూ అరుదవుతుంది, రెండు కలిసి రావడం మరీ అరుదు. అందుకే 127 దాటాక పరీక్షకు నిలిచే సందర్భమే రాదు, ఊహ ఓడిపోయే అవకాశమూ రాదు. గణితజ్ఞుడు రిచర్డ్ గై 1988లో హెచ్చరించినట్టు, చిన్న సంఖ్యలు కొన్నే ఉన్నాయి, వాటితో చేయించే పనులు చాలా ఉన్నాయి, కాబట్టి అవి తరచూ లేని వరుసలు చూపిస్తాయి. నా మొగ్గు ఈ రెండో పక్షానికే. మెర్సెన్‌ను మోసగించిన అచ్చు ఇదే కదా. అయినా ఊహ తప్పని ఎవరూ చూపలేదు.

కాటలాన్ గొలుసు

ల్యూకా ప్రకటన వెలువడిన 1876లోనే బెల్జియం గణితజ్ఞుడు యూజీన్ కాటలాన్ ఒక సంగతి గమనించాడు. 2ను ఘాతాంకంగా పెడితే 3 వస్తుంది. 3 పెడితే 7, 7 పెడితే 127, 127 పెడితే మన 39 అంకెల సంఖ్య. ఐదూ ప్రధాన సంఖ్యలే. మరి మన సంఖ్యనే ఘాతాంకంగా పెడితే?

ఇక్కడ ఒక పొరపాటును సరిదిద్దాలి. ఈ గొలుసు అంతం లేకుండా ప్రధాన సంఖ్యలతోనే సాగుతుందని కాటలాన్ ఢంకా బజాయించినట్టు చాలాచోట్ల రాస్తారు. ఆయన ఒక హద్దు వరకు అన్న మాట జోడించే అన్నాడు. 8, 9 తప్ప పక్కపక్కన వచ్చే ఘాతాలు లేవన్న ప్రసిద్ధ కాటలాన్ ఊహ వేరు. దాన్ని 2002లో మిహైలెస్కు నిరూపించాడు. ఇది అది కాదు.

మన సంఖ్యను ఘాతాంకంగా పెడితే వచ్చే ఆరో కొలికి అంకెలు సుమారు 5 పక్కన 37 సున్నాలు పెడితే వచ్చినన్ని. సంఖ్య కాదు, సంఖ్యలోని అంకెలే అన్ని. దాన్ని రాసే కాగితం లేదు, దాచే యంత్రం లేదు. ల్యూకా-లెమర్ పరీక్షకు మెట్లు మన సంఖ్యకు రెండు తక్కువ. అది ఎన్నటికీ జరిగే పని కాదు.

గొలుసు మీద ఆశ పెట్టుకున్నవాళ్లకు ఐదు వరస విజయాలే ఆధారం. ఎదుటివాళ్లు పక్క గొలుసులు చూపిస్తారు. 13 నుంచి 8191 వస్తుంది, అది ప్రధానం. దాన్నే ఘాతాంకం చేస్తే వచ్చేది సంయుక్తమని 1953లో వీలర్ ఇలియాక్ కంప్యూటర్‌తో తేల్చాడు. 17, 19, 31లతో మొదలుపెట్టినా అంతే, రెండో మెట్టు మీద విరిగిపోయాయి. 19 నుంచి మొదలైన దానికి 62914441 అనే చిన్న కారణాంకమే దొరికింది.

ఒక ఘాతాంకానికి మెర్సెన్ ప్రధాన సంఖ్య వచ్చే అవకాశాన్ని లెక్కగట్టే వాగ్‌స్టాఫ్ అంచనా సూత్రాన్ని ఇక్కడ వాడి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. 127 ఘాతాంకానికి ప్రధాన సంఖ్య వచ్చే అవకాశం తొమ్మిదింట ఒకటి దాకా ఉంది. ఆరో కొలికికి వచ్చేసరికి ఆ అవకాశం 1 పక్కన 35 సున్నాలు పెట్టిన సంఖ్యలో ఒక వంతుకన్నా తక్కువ. అంచనా సూత్రం రుజువు కాదు. కానీ ఐదు విజయాల్లో నాలుగు చాలా చిన్న సంఖ్యల దగ్గర వచ్చినవేనని గుర్తుంచుకుంటే, సంయుక్తమని అనుకోవడానికే బలం ఎక్కువ.

పక్కపక్కన పెడితే

మెర్సెన్ వాదం చరిత్రది. కొత్త ఉత్తరం ఏదైనా బయటపడితే తప్ప ఇక కదలదు, ఉన్న ఆధారాలు ఆయన ఒక అచ్చు చూసి ఊహించాడన్న వైపే ఉన్నాయి. ల్యూకా వాదం గణితంగా ముగిసింది, మిగిలింది ఘనత పంపకం. 1989 నాటి ఊహ తప్పని చూపాలంటే ఒక్క ఎదురు ఉదాహరణ చాలు, ఒప్పని చూపడానికి దారి ఎవరికీ కనబడటం లేదు. కాటలాన్ ప్రశ్నదీ అదే పరిస్థితి, ఇంకాస్త తీవ్రంగా.

వీటన్నిటి కింద పెద్ద ప్రశ్నలు పడి ఉన్నాయి. మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అనంతమా అన్నది తెలియదు. ఆశ్చర్యమేమిటంటే, ప్రధాన ఘాతాంకాలకు వచ్చే సంయుక్త మెర్సెన్ సంఖ్యలు అనంతమని కూడా ఎవరూ నిరూపించలేకపోయారు. ఎటు చూసినా కుప్పలుగా కనబడేవి అవే.

ఆరో కొలికి కారణాంకాల వేట మాత్రం సాగుతూనే ఉంది. దానికి కారణాంకం ఉంటే, మన సంఖ్యకు ఏదో ఒక సరి గుణిజం కన్నా ఒకటి ఎక్కువై తీరాలి. అంటే ఎంత చిన్నదైనా 39 అంకెలకు తగ్గదు. అలాంటి అభ్యర్థి ఎదురైతే సరిచూడటం చాలా తేలిక. 2తో మొదలుపెట్టాలి. వర్గం చేయాలి, అభ్యర్థితో భాగించి శేషం ఉంచుకోవాలి, మళ్లీ వర్గం చేయాలి. అలా 127 సార్లు. ల్యూకా ఎక్కినవాటికన్నా రెండు మెట్లు ఎక్కువ, అంతే. చివర మళ్లీ 2 వచ్చిందా, ఆ కారణాంకం దొరికినట్టే. ఇంతవరకు పరీక్షించిన అభ్యర్థుల్లో ఒక్కదానికీ 2 రాలేదు.